ఐదు జెర్సీలు, సీ మీద ఒక గీత

మా జెర్సీలు చేయించిన షాపుకి నా మార్కులు ఐదుకి మూడున్నర. సరుకు చేతికొచ్చిన రాత్రే రాసుంటే ఒకటిన్నర దాటేది కాదు. ఆ రాత్రి ఫోన్‌లో సగం టైప్ చేసి, నిద్రొచ్చి ఆపేశాను. మంచిదే అయింది.

సంగతేమిటంటే, మేము ప్రతి ఆదివారం పొద్దున ఆరింటికి కొండాపూర్ దగ్గర ఒక టర్ఫ్‌లో ఐదుగురికి ఐదుగురం ఫుట్‌బాల్ ఆడతాం. మరీ ఏదో ఊహించుకోకండి. మా టీంలో ఇద్దరికి మోకాలి బెల్టులు, ఒకడికి షుగర్, నాకు నడుం నొప్పి. నేను పుట్టింది 1985లో. క్రొయేషియా ఫుట్‌బాల్ ఆటగాడు లూకా మోద్రిచ్ పుట్టింది కూడా అదే ఏడాది, సెప్టెంబర్ 9న. నాకు నలభై నిండాయని గ్యాంగ్ వాళ్ళు కేక్ తెస్తామన్నారు. కేక్ వద్దురా, ఐదుగురం ఐదు మోద్రిచ్ జెర్సీలు వేసుకుని ఒక మ్యాచ్ ఆడదాం అన్నాను. "ఒక్కడికి ఐదు జెర్సీలెక్కడివి మామా?" అన్నాడు మా గోల్‌కీపర్. వాడు అసలు క్రికెట్ మనిషి, ఖాళీగా ఉన్నాడని గోల్‌లో నిలబెట్టాం.

లెక్క చెప్పాను. జాగ్రెబ్‌లో డైనమోకి నీలం, పది. లండన్‌లో టోటెన్‌హామ్‌కి తెలుపు, పద్నాలుగు. మాడ్రిడ్‌లో రియల్‌కి తెలుపు, పంతొమ్మిది. క్రొయేషియా దేశానికి ఎరుపు తెలుపు గళ్ళు, పది. మిలాన్‌కి ఎరుపు నలుపు చారలు, మళ్ళీ పద్నాలుగు. ఇవి కాక పద్దెనిమిదేళ్ళప్పుడు బోస్నియాలో మోస్తార్ అనే ఊళ్ళో జ్రిన్‌స్కి క్లబ్బుకి అద్దెకి ఆడాడు. దాన్ని లెక్కలోంచి తీసేశాం, మైదానంలో ఉండేది ఐదుగురే కాబట్టి. మా ఆరోవాడు, అంటే ఎప్పుడూ ఆలస్యంగా వచ్చి సబ్‌స్టిట్యూట్‌గా మిగిలేవాడు, అప్పుడే మొహం ముడుచుకున్నాడు.

షాపు సికింద్రాబాద్ వైపు ఒక సందులో ఉంటుంది. పేరు రాయడం లేదు. ఆ వరసలో ఏ షాపుకి వెళ్ళినా అదే మెషీను, అదే బట్ట, తప్పులు కూడా ఇంచుమించు అవే. ముందు గదిలో కేరం బోర్డులు, బ్యాటు గ్రిప్పులు, స్పోర్ట్స్ డేకి స్కూళ్ళవాళ్ళు కొనే ప్లాస్టిక్ కప్పులు. వెనక గదిలో ఒక ల్యాప్‌టాప్, స్టిక్కర్ కోసే ప్లాటర్, రెండు హీట్ ప్రెస్‌లు, ఒక్కటే ఫ్యాన్. అక్కడ పది నిమిషాలుంటే మండు వేసవిలో ఇస్త్రీ బండి పక్కన నిలబడ్డట్టే. ఓనర్ పెద్దాయన, అందరూ చాచా అంటారు. డిజైన్లు చేసేది ఇరవై ఏళ్ళు దాటని కుర్రాడు.

గల్లాపెట్టె వెనక గోడ మీద రహీమ్ సాబ్ ఫొటో ఉంది. తెలియనివాళ్ళ కోసం చెప్తున్నా: సయ్యద్ అబ్దుల్ రహీమ్, మన హైదరాబాద్ ఫుట్‌బాల్ కోచ్. 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో భారత జట్టును నాలుగో స్థానం దాకా, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకం దాకా తీసుకెళ్ళిన మనిషి. ఆయన చేతికింద హైదరాబాద్ సిటీ పోలీస్ టీం 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్ళు రోవర్స్ కప్ ఎత్తింది. ఆ ఫొటో చూసి, ఇది ఆట తెలిసినవాళ్ళ షాపు అని బేరం కూడా ఆడకుండా పదిహేను వందలు అడ్వాన్స్ ఇచ్చేశాను. మీరు మాత్రం బేరం ఆడండి.

జెర్సీ ఒక్కోటి నాలుగొందల ఇరవై, వెనక పేరు, అంకె వేసినందుకు ఇంకో నూటయాభై. ఐదింటికి మొత్తం రెండువేల ఎనిమిదొందల యాభై. మాస్టర్ కాపీలు, అంటే అసలు జెర్సీల్లా ఉండే నకళ్ళు, ఆరేడొందలకి బజార్లో దొరుకుతాయి కదా అంటారేమో. వాటి మీద ఉండేవి ఈ సీజన్ వాళ్ళ పేర్లే. 2008 నాటి టోటెన్‌హామ్ పద్నాలుగు ఎవడమ్ముతాడు? పైగా మాకు క్లబ్బుల లోగోలు అక్కర్లేదు. రంగు, పేరు, అంకె ఉంటే చాలు.

బట్ట గురించి. రెండు రకాలు చూపించారు. ఒకటి 160 జీఎస్ఎం డాట్ నిట్, ఇంకోటి 220. జీఎస్ఎం అంటే చదరపు మీటరు బట్ట ఎన్ని గ్రాములు తూగుతుందో ఆ లెక్క. చేత్తో పట్టుకుంటే బరువుదే ఖరీదైనదిలా అనిపిస్తుంది, కానీ చెమట పట్టాక వీపుకి అట్టలా అంటుకుంటుంది. పలచనిదే తీసుకోండి. మా ఐదూ 160వే, రెండు నెలల్లో పదిసార్లు ఉతికాం, బట్ట మీద ఒక్క పోగు లేవలేదు. కుట్టు కూడా బాగుంది, చంక దగ్గర డబల్ కుట్టు వేశారు. బట్టకి, కుట్టుకి నా దగ్గర కంప్లయింట్ లేదు.

గళ్ళు, చారలు, నీలం రంగు అన్నీ సబ్లిమేషన్‌లో కొట్టారు. కాగితం మీద ప్రత్యేకమైన సిరాతో డిజైన్ అచ్చు వేసి, బట్ట మీద పెట్టి రెండొందల డిగ్రీల దగ్గర ప్రెస్ చేస్తారు. సిరా ఆవిరై పాలిస్టర్ దారం లోపలికి దిగుతుంది, అందుకే చేత్తో తడిమితే ఏమీ తగలదు, ఎన్ని ఉతుకులకైనా పోదు. తెల్ల రంగు మాత్రం అందులో రాదు, బట్ట తెలుపే తెలుపు. "అంకెలు కూడా గిట్లనే కొట్టేస్తా అన్నా, సాఫ్‌గ ఉంటది" అన్నాడు కుర్రాడు. నేనే వినలేదు. అంకె చేతికి తగలాలి, పాత జెర్సీల్లో ఉన్నట్టు మందంగా ఉండాలి, వినైల్ అంటించు అన్నాను. వినైల్ అంటే వేడికి బట్టకి అంటుకునే ప్లాస్టిక్ స్టిక్కర్. తర్వాత జరిగిన గొడవలో సగం వాటా నాది.

ఆర్డర్ రాసుకుంటూ కుర్రాడు ఆగాడు. "రెండు తెల్లవి ఎందుకన్నా? ఒకటే అంగీ మీద ముందర ఒక నంబర్, ఎనక ఒక నంబర్ వేస్తే పైసలు మిగుల్తయి కదా." వాడి లెక్క తప్పేం కాదు. కానీ ఆ రెండు తెల్ల చొక్కాల మధ్యే ఆ మనిషి జీవితం మారింది. వాడికెలా చెప్పను? చెప్పాను అనుకోండి, చాచా టీ తెప్పించాడు, గంట పట్టింది.

మొదటి తెల్ల చొక్కా లండన్‌ది. 2008 వేసవిలో టోటెన్‌హామ్ ఇతన్ని కోటీ అరవై అయిదు లక్షల పౌండ్లు పెట్టి కొంది. ఎత్తు 172 సెంటీమీటర్లు, బక్క పలచన, మొహం చూస్తే ఇంటర్ చదివే పిల్లాడు. ఇంగ్లండ్‌లో అప్పట్లో మిడ్‌ఫీల్డ్ అంటే గోడల్లాంటి మనుషులు. వీడు గాలికి ఎగిరిపోతాడన్నారు. ఆ సీజన్ మొదటి ఎనిమిది మ్యాచ్‌ల్లో టీంకి వచ్చింది రెండంటే రెండు పాయింట్లు. కోచ్‌ని పంపించేశారు, హ్యారీ రెడ్‌నాప్ వచ్చాడు. మరుసటి ఏడాది ఆగస్టులో బర్మింగ్‌హామ్‌తో మ్యాచ్‌లో మోద్రిచ్ కాలి ఎముక విరిగింది. ఇన్ని జరిగాక కూడా, 2010లో ఆ క్లబ్బు నాలుగో స్థానంలో నిలిచి, 1961-62 తర్వాత మొదటిసారి యూరప్ పెద్ద కప్పులో, ఇప్పుడు చాంపియన్స్ లీగ్ అంటారు, ఆడింది. 2011లో చెల్సీ అడిగితే టోటెన్‌హామ్ ఓనర్లు ససేమిరా అన్నారు, ఇతను అలిగాడు కూడా. ఏడాది తర్వాత మాడ్రిడ్‌కి అమ్మారు, దాదాపు మూడు కోట్ల పౌండ్లకి.

రెండో తెల్ల చొక్కా ఆ మాడ్రిడ్‌ది. దాని మీద ఏ అంకె వెయ్యాలో మా గ్రూపులో రెండు రోజులు కొట్టుకున్నాం. అందరికీ తెలిసింది పది. 2017లో పది తీసుకున్నాడు, ఆ అంకెతోనే 2018లో బాలన్ డోర్, అంటే ఆ ఏటి ప్రపంచ మేటి ఆటగాడి బహుమతి, వచ్చింది. దానికి ముందు పదేళ్ళూ మెస్సీ, రొనాల్డో తప్ప ఇంకెవ్వరి చేతికీ పోని బహుమతి అది. నేను మాత్రం పంతొమ్మిది అన్నాను. మాడ్రిడ్‌లో మొదటి ఐదేళ్ళు వేసుకుంది అదే. 2012 చివర్లో మార్కా అనే అక్కడి క్రీడా పత్రిక పాఠకులకు పోల్ పెడితే, ఆ సీజన్‌లో అన్నిటికన్నా పనికిరాని కొనుగోలు అని ఇతనికే ఎక్కువ ఓట్లు పడ్డాయి. వచ్చి నాలుగు నెలలే అయింది అప్పటికి. ఆ పంతొమ్మిదే 2013 మార్చి 5న మాంచెస్టర్‌లో, టీం ఒక గోల్ వెనకపడి ఉండగా బెంచీ మీంచి దిగి, డీ బయట నుంచి కొట్టిన బంతి పోస్టుకి తగిలి లోపలికి పోయింది. ఆ పంతొమ్మిదే 2014 మే 24న లిస్బన్‌లో, చాంపియన్స్ లీగ్ ఫైనల్ 93వ నిమిషంలో కార్నర్ తీసుకున్నాడు. టీం డిఫెండర్ రామోస్ తలతో కొట్టాడు, స్కోరు సమమైంది, అదనపు సమయంలో కప్పు వచ్చింది. అందరికీ రామోస్ గంతులే గుర్తు. కార్నర్ జెండా దగ్గర నిలబడి బంతి సర్దుకుంటున్న మనిషిని నేను అప్పుడు చూశాను, మా హాస్టల్ రోజుల ఫ్రెండ్ గదిలో, మన టైము అర్ధరాత్రి దాటాక. సరిగ్గా పదకొండేళ్ళకి, 2025 మే 24నే, ఇతను రియల్ సొంత మైదానం బెర్నబ్యూలో చివరి మ్యాచ్ ఆడి సెలవు తీసుకున్నాడు. మాడ్రిడ్‌లో ఉన్నన్నాళ్ళలో ఆరు చాంపియన్స్ లీగ్ కప్పులు, మొత్తం ఇరవై ఎనిమిది ట్రోఫీలు.

పంతొమ్మిదే ఖాయమైంది. అది నేనే వేసుకున్నాను, పుట్టినరోజు నాది కాబట్టి.

శుక్రవారం ఇస్తామన్నారు. శుక్రవారం ఫోన్ చేస్తే కరెంటు లేదన్నారు. శనివారం మధ్యాహ్నం "అయిపోతుంది బేటా" అన్నాడు చాచా. ఇచ్చింది శనివారం రాత్రి తొమ్మిదిన్నరకి. షట్టర్ సగం దించి ఉంది, కింద నుంచి వంగి వెళ్ళాను. కవర్లు కూడా విప్పకుండా మిగతా డబ్బులు కట్టేసి వచ్చాను, ఇది రెండో బుద్ధి తక్కువ పని. ఇంటికొచ్చి మంచం మీద ఐదూ పరిచాను. దూరం నుంచి చూస్తే కళ్ళు చల్లబడ్డాయి. దగ్గరికెళ్ళి చూస్తే రెండు తప్పులు.

మొదటిది పేరు. మోద్రిచ్ అనే పేరులో చివరి అక్షరం ఇంగ్లీషు సీ కాదు. సీ మీద కుడివైపుకి వాలిన చిన్న గీత ఉంటుంది. వాళ్ళ భాషలో గీత ఉంటే 'చ్', లేకపోతే 'త్స్'. ఐదు జెర్సీల మీదా గీత ఎగిరిపోయింది. అంటే ఐదుగురం 'మోద్రిత్స్' అనే ఎవరో పెద్దమనిషి జెర్సీలు వేసుకుని తిరగాలి. ఇదేం పెద్ద విషయమా అంటుంది మా ఆవిడ. మన పాలు కాస్తా ఎవరైనా 'పలు' అని రాసి ప్యాకెట్ చేతిలో పెడితే తెలుస్తుంది. ఆర్డర్ ఇచ్చేటప్పుడు కాగితం మీద గీత పెట్టి మరీ రాసిచ్చాను, చుట్టూ సున్నా కూడా చుట్టాను.

రెండో తప్పు మిలాన్ జెర్సీ మీద. ఎరుపు నలుపు చారల మీద తెల్ల వినైల్‌తో పద్నాలుగు అంటించారు. రాత్రి ట్యూబ్‌లైట్ కింద తెల్లగానే ఉంది. పొద్దున ఎండలో చూస్తే, ఎరుపు చార మీద పడిన భాగం లేత గులాబీగా మారింది. ఒకటి అంకె సగం పెళ్ళి పందిరి రంగులో ఉంది.

టర్ఫ్‌లో మ్యాచ్ ఆడేశాం, ఫొటోలు దిగాం. ఎవరికీ ఏమీ కనిపించలేదు. నాకు మాత్రం ఎవడి వీపు చూసినా గీత లేని సీ తప్ప ఇంకేం కనిపించలేదు. మా మ్యాచ్‌లోనే, 2022 ఏప్రిల్ 12న చెల్సీ మీద మోద్రిచ్ కాలి బయటి అంచుతో తన టీంలోని రొడ్రిగోకి వేసిన పాస్ ఉందే, అది నేనూ ప్రయత్నించాను. ఆ రోజు చెల్సీతో 80వ నిమిషం, రియల్ పోటీ నుంచి బయటికి పోయే దారిలో ఉంది, ముప్పై నలభై గజాల దూరం, ఎదురుగా డిఫెండర్లు. బంతి వాళ్ళ తలల మీదుగా వెళ్ళి లోపలికి వంగి సరిగ్గా రొడ్రిగో కాలి మీద దిగింది. ఆ గోల్‌తోనే రియల్ బతికింది, అదనపు సమయంలో గట్టెక్కింది, ఆ ఏడాది కప్పు కూడా గెలిచింది. నేను వేసింది వల దాటి పక్కనున్న కార్ వాష్‌లో పడింది.

సోమవారం సాయంత్రం గొడవ పెట్టుకోవడానికే వెళ్ళాను. వెళ్ళేసరికి చాచా నమాజుకి వెళ్ళాడు, కుర్రాడొక్కడే ఉన్నాడు. జెర్సీలు ముందర పడేశాను. వాడు సాకులేమీ చెప్పలేదు. "ఫాంట్‌ల ఆ అక్షరం లేదన్నా. డబ్బా లెక్క వచ్చింది. అందుకే మామూలు సీ కొట్టిన" అన్నాడు. కోరల్ డ్రా అనే డిజైన్ సాఫ్ట్‌వేర్ తెరిచి చూపించాడు. నిజమే, ఆ జెర్సీ ఫాంట్‌లో గీత ఉన్న సీ కోసం చూస్తే ఖాళీ చతురస్రం వస్తోంది. ఫోన్ చేసి అడగొచ్చు కదా అన్నాను. "రాత్రి పన్నెండైంది అన్నా" అన్నాడు.

తర్వాత వాడు చేసిన పనికే నేను రెండు స్టార్లు పెంచింది. చెత్తబుట్టలోంచి నీలం, నలుపు, తెలుపు వినైల్ ముక్కలు ఏరాడు. ఏ జెర్సీ అంకెకి ఏ రంగో ఆ రంగు ముక్క తీసుకుని, స్కేలు, బ్లేడు పెట్టి గోరంత గీతలు కోశాడు, ఒక చివర సన్నగా, ఒక చివర మందంగా. నేను ఫోన్‌లో అసలు జెర్సీ ఫొటో పెద్దది చేసి పట్టుకున్నాను. కనుబొమలు పీకే పట్టకారుతో గీతని ఎత్తి సీ నెత్తి మీద ఆనించి, వంపు చూసి, కొంచెం తిప్పి, పైన బటర్ పేపర్ పరిచి, ప్రెస్ దించాడు. పదిహేను లెక్కపెట్టి లేపాడు. చల్లారాక వేలితో రుద్ది, గోరుతో గీకి, ఊడట్లేదని చూపించాడు. ఐదింటికీ అలాగే. గళ్ళ జెర్సీ మీద గీత కొంచెం వంకరగా పడింది. తీసి మళ్ళీ వేస్తానన్నాడు. వద్దన్నాను, బట్ట మీద మచ్చ పడుతుందని.

ఆ పని జరుగుతున్నంతసేపూ వాడు అడుగుతూనే ఉన్నాడు. "ఈయన ఏ ఊరోడన్నా?" జాదర్, సముద్రం పక్కన ఊరు. అసలు పెరిగింది వెలెబిట్ కొండల కింద చిన్న పల్లెలో, చిన్నప్పుడు మేకలు కాశాడు. 1991 డిసెంబర్‌లో, యుగోస్లావియా ముక్కలవుతున్న యుద్ధంలో, తాతని సెర్బు తిరుగుబాటుదళాలు కాల్చి చంపాయి. ఆయన పేరూ లూకా మోద్రిచ్చే. ఇల్లు కాల్చేశారు. కుటుంబం జాదర్ వచ్చి, శరణార్థులకి ఇచ్చిన కొలోవారే అనే హోటల్లో తలదాచుకుంది. నాన్న సైన్యంలో మెకానిక్, అమ్మ బట్టల పనిలో. పిల్లాడు హోటల్ పార్కింగ్‌లో బంతి తన్నేవాడు. ఆ ప్రాంతంలో అందరూ ఆరాధించే క్లబ్బు హైదుక్ స్ప్లిట్‌కి ట్రయల్స్‌కి తీసుకెళ్తే, మరీ సన్నగా ఉన్నాడని పంపించేశారు. అప్పుడు జాగ్రెబ్‌లో డైనమో తీసుకుంది. వాళ్ళు కూడా వెంటనే ఆడించలేదు, 2003లో మోస్తార్‌కి పంపారు. అక్కడి మైదానాలు, అక్కడి ట్యాకిల్స్ తట్టుకున్నవాడు ఇంకెక్కడైనా ఆడగలడని ఇతనే తర్వాత చెప్పాడు. పద్దెనిమిదేళ్ళకే బోస్నియా లీగ్‌లో ఆ ఏటి మేటి ఆటగాడయ్యాడు. తర్వాత ఇంటర్ జాప్రెషిచ్‌కి అద్దె, తర్వాత డైనమోలో పదేళ్ళ కాంట్రాక్టు. ఆ డబ్బుతో జాదర్‌లో అమ్మానాన్నలకి ఫ్లాట్ కొన్నాడు.

"మంచోడు" అన్నాడు కుర్రాడు. అంత తేలిగ్గా తేల్చలేం అన్నాను. టోటెన్‌హామ్‌కి అమ్మినప్పుడు వచ్చిన డబ్బులో డైనమో పెద్దమనిషి జ్ద్రావ్‌కో మామిచ్ వాటాల గురించి కేసు నడిచింది. 2017లో ఇతను కోర్టులో సాక్ష్యం చెప్తూ చాలా విషయాలు గుర్తులేవన్నాడు. దేశం భగ్గుమంది. చిన్నప్పుడు తలదాచుకున్న ఒక హోటల్ గోడ మీదే ఎవరో రాశారు: "లూకా, నీకిది ఒకరోజు గుర్తొస్తుంది." అబద్ధపు సాక్ష్యమని కేసు కూడా పెట్టారు, 2018 చివర్లో కొట్టేశారు. ఈ మధ్యలోనే వరల్డ్ కప్.

గళ్ళ జెర్సీ ప్రెస్ కింద ఉండగా ఆ వరల్డ్ కప్ చెప్పాను. సుమారు నలభై లక్షల మంది ఉన్న దేశం. మన హైదరాబాద్‌లో అంతకు రెట్టింపు జనం. డెన్మార్క్‌తో ప్రీక్వార్టర్స్, అదనపు సమయం, ఇంకో నాలుగు నిమిషాల్లో అయిపోతుందనగా పెనాల్టీ. మోద్రిచ్ కొట్టాడు, కాస్పర్ ష్మైకెల్ పట్టేశాడు. మ్యాచ్ షూటౌట్‌కి పోయింది. అదే గోల్‌కీపర్ ముందుకి అదే మనిషి మళ్ళీ నడిచి వెళ్ళాడు. ఈసారి వేశాడు. తర్వాత రష్యాతో మళ్ళీ షూటౌట్, ఇంగ్లండ్‌తో మళ్ళీ అదనపు సమయం. జూలై 15న మాస్కోలో ఫైనల్, ఫ్రాన్స్ చేతిలో 4-2. టోర్నీ మేటి ఆటగాడికిచ్చే గోల్డెన్ బాల్ ఇతనికిచ్చారు. వానలో తడుస్తూ, చేతిలో బహుమతి పెట్టుకుని, మొహంలో నవ్వు లేకుండా నిలబడ్డ ఫొటో చూసే ఉంటారు. కుర్రాడు ఆ ఫొటో వెతికి, తన ఫోన్‌లో సేవ్ చేసుకున్నాడు.

ఇక మిలాన్ జెర్సీ. ఈ కథ చాచా వచ్చాక తేలింది. సబ్లిమేషన్ సిరా వేడికి ఆవిరై బట్టలోకి దిగుతుందని చెప్పాను కదా. మళ్ళీ అదే బట్టని హీట్ ప్రెస్ కింద పెడితే అదే సిరా మళ్ళీ ఆవిరై పైకి లేస్తుంది. పైన తెల్ల వినైల్ ఉంటే అందులోకి ఎక్కుతుంది. ఎరుపు మీద తెలుపు గులాబీ అవుతుంది. నీలం జెర్సీ మీద తెల్ల అంకె కూడా కొద్దిగా నీలమెక్కింది కానీ, పట్టి చూస్తే తప్ప తెలియదు. దీనికి అడుగున నల్ల పొర ఉన్న వినైల్ వేరే వస్తుంది, బ్లాకర్ అంటారు, తక్కువ వేడికే అంటుకుంటుంది. రేటు ఎక్కువ. "వాడు కొత్తోడు, నేనైనా చెప్పాల్సింది" అన్నాడు చాచా. ఆ జెర్సీ మొత్తం మళ్ళీ కుట్టించి, బ్లాకర్ వినైల్‌తో పద్నాలుగు వేసి నాలుగు రోజుల్లో ఇచ్చాడు. పైసా తీసుకోలేదు. అంకెలు ఇప్పటికీ తెల్లగానే ఉన్నాయి.

ఆ జెర్సీ మీద అంత పట్టుదల ఎందుకంటే, అది మోద్రిచ్ చిన్నప్పటి కోరిక. జ్వోనిమిర్ బోబన్ అనే క్రొయేషియా ఆటగాడు మిలాన్‌కి ఆడే రోజుల్లో, అతన్ని చూసి ఈ పిల్లాడు మిలాన్ అభిమాని అయ్యాడు. 2025 వేసవిలో మాడ్రిడ్ వదిలాక, ముప్పైతొమ్మిదేళ్ళ వయసులో, అదే క్లబ్బుకి వెళ్ళాడు. సెప్టెంబర్ 14న బొలోన్యాతో మ్యాచ్, నలభై నిండి ఐదు రోజులు. మ్యాచ్ మొత్తానికి ఒకే ఒక్క గోల్, వేసింది ఇతనే. ఆ రోజు నేను నడుముకి వేడినీళ్ళ కాపడం పెట్టుకుంటూ చూశాను. అలాంటి జెర్సీ మీద అంకె గులాబీగా ఉంటే ఎలా ఊరుకుంటాం?

మార్కులు ఎందుకు తగ్గించానంటే, చెప్పిన రోజుకి ఇవ్వలేదు, కాగితం మీద గీత పెట్టి ఇచ్చినా చూడలేదు, నమూనా ఒకటి చూపించి తర్వాత మిగతావి చేద్దామనే అలవాటు లేదు. ఎందుకు పెంచానంటే, తప్పు చూపిస్తే మొహం మాడ్చుకోలేదు. ఇదే సందులో ఇంకో షాపువాడు నాలుగేళ్ళ కిందట మా ఆఫీసు టోర్నీ జెర్సీల మీద స్పెల్లింగ్ తప్పు కొట్టి, "ఎవడు చదువుతాడు సార్" అన్నాడు.

మీరు వెళ్తే, తెలుగులోగానీ ఇంకే భాషలోగానీ మామూలు ఇంగ్లీషు కాని అక్షరం ఏదైనా ఉంటే, పేరుని కర్వ్స్‌గా, అంటే ఫాంట్ అక్షరాలు కాకుండా ఉత్త గీతలుగా మార్చి, పీడీఎఫ్ చేయించుకుని పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్ళండి, ఫాంట్‌తో పని లేకుండా పోతుంది. సబ్లిమేషన్ బట్ట మీద తెల్ల అంకె కావాలంటే బ్లాకర్ అనే మాట మీరే ముందు అనండి. ఉతికేటప్పుడు తిరగేసి చన్నీళ్ళలో ఉతకండి, అంకె మీద ఇస్త్రీ పెట్టకండి. మా గోల్‌కీపర్ వాళ్ళావిడ పెట్టింది. డైనమో పదిలో సున్నా ఇప్పుడు కోడిగుడ్డులా ఉంది.

మోస్తార్ జెర్సీ కోసం వచ్చే వారం మళ్ళీ వెళ్ళాలి. ఆరోవాడు ఆదివారాలు ఐదున్నరకే వచ్చి కూర్చుంటున్నాడు.